ఊపిరిబాబు, మీట లేని కొక్కెం

అది ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల వేళ. రాత్రంతా కురిసిన సన్నని జల్లు తెల్లవారేసరికి వెలిసింది గాని, ఆకాశం మాత్రం పిండకుండా తీగ మీద పడేసిన దుప్పటిలా బరువుగా, బూడిదరంగుగా వేలాడుతూనే ఉంది. గాలి అన్నది లేదు. విలుకాళ్లు వాతావరణం గురించి మాట్లాడితే మొట్టమొదట ఎత్తేది గాలి సంగతే. గురి తప్పినప్పుడు నెపం మోపడానికి గాలిని మించిన అనువైన వస్తువు ఈ సృష్టిలో లేదు. అది కనిపించదు, ఎదురు చెప్పదు, సాక్ష్యానికి రాదు. ఆ ఉదయం ఆ ఆధారం కూడా లేకుండా పోయింది. ఊరి చివర ఇటుకల గోదాము వెనకనున్న విలుకాళ్ల సంఘం మైదానంలో ఊపిరిబాబు వదిలిన బాణం లక్ష్యం మీదుగా సాగి, లక్ష్యం వెనక కట్టిన వలను దాటి, వల వెనకనున్న కంచెనూ దాటి, కంచె అవతల స్కూటర్ల పక్కన విప్పి ఆరబెట్టిన ఒక గొడుగులో కసుక్కున దిగింది.

గొడుగు పళ్ల డాక్టరమ్మది. పళ్ల డాక్టరమ్మ ఆ సంఘానికి అధ్యక్షురాలు, శిక్షకురాలు కూడా.

"ఎవరిదా బాణం?" అన్నారు ఆమె.

అడగవలసిన పని లేదు. వరుసలో నిలుచున్నవాళ్లందరూ ముందు ఆకాశం వైపు, తరువాత తమ చెప్పుల వైపు, చివరికి ఊపిరిబాబు వైపు చూశారు.

"గాలండీ..." అన్నాడు ఊపిరిబాబు.

"ఏ గాలి? ఆకు కదలడం లేదు."

"నేను వదిలిన గాలండీ. కాస్త గట్టిగా వదిలినట్టున్నాను."

సంఘానికి ఒక నియమం ఉంది. కంచె దాటిన మొదటి బాణానికి మందలింపు. రెండోదానికి పరీక్ష. పరీక్షలో ఒకే ఒక్క బాణం వేయాలి. అదీ కంచె దాటితే సభ్యత్వం రద్దు. మొదటి బాణం అంతకుముందే కోశాధికారి స్కూటరు సీటులో గుచ్చుకుని మందలింపు పుచ్చుకుంది. కాబట్టి గొడుగు రెండోదయింది. పరీక్ష మార్చి నెల ఆఖరి ఆదివారమని డాక్టరమ్మ అక్కడికక్కడే ప్రకటించి, గొడుగు మూసి, చిల్లులోంచి ఒక కంటితో ఊపిరిబాబును పరిశీలించారు.

ఆ చూపుకు అతను బెదరలేదు. అతని చూపు వరుస చివరన నిలుచున్న భార్య మీద ఉంది. ఆమె తన బాణాన్ని తిరిగి అమ్ములపొదిలో పెట్టేసుకున్నది, అంతే. అతని గుండె జారి పిక్కల్లోకి దిగింది.

ఎందుకు దిగిందో తెలియాలంటే, ముందు అతనికి ఆ పేరెలా వచ్చిందో తెలియాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ఉద్యోగపు కాగితాల్లో తప్ప దానికి బయట తిరిగే అవకాశం దొరకలేదు. అతను ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేవాడు. ఇరవై ఏళ్లుగా రోజంతా అతను పలికేది మూడే మాటలు: "ఊపిరి పీల్చండి. బిగబట్టండి. వదలండి." మూడూ ఆజ్ఞలే అయినా మూడూ ఒక్క తీరువి కావు. మొదటిది ఎవరైనా చెప్పగలరు. మూడోదాని కోసం అందరూ ఎదురుచూస్తారు. రెండోదానికీ మూడోదానికీ నడుమనున్న ఆ కాసింత నిశ్శబ్దంలోనే అతని జీవనోపాధి అంతా ఉంది. ఆ నిశ్శబ్దంలో అతని కుడి బొటనవేలు మీట నొక్కేది. రోగి కదిలేలోపు, దగ్గేలోపు, దేవుణ్ణి తలుచుకునేలోపు నొక్కేయాలి. ఆ వేలికి అంతటి చురుకుదనం అబ్బింది. ఊళ్లో సగంమంది పక్కటెముకలు అతనికి ముఖపరిచయం. వీధిలో అతను ఎదురైతే జనం తమకు తెలియకుండానే నిటారుగా నిలబడి గుండెలనిండా గాలి పీల్చుకునేవారు.

భార్య రొట్టెల కార్ఖానాలో పిండి కలిపేది. అది రాత్రి పని. అతను సాయంత్రం ఇంటికి వచ్చే వేళకు ఆమె బయలుదేరేది. ఆమె తెల్లవారి తిరిగి వచ్చే వేళకు అతను బూట్లు వేసుకునేవాడు. ఆమె బన్నుల పొట్లం అందిస్తే అతను తాళంచెవి అందించేవాడు. "తిన్నావా?" అని అతను, "గొళ్లెం సరిగా పడటం లేదు, చూశారా?" అని ఆమె. అంతటితో ఆ పూటకు సంసారం ముగిసేది. శనివారం రాత్రి మాత్రం కార్ఖానాకు సెలవు. కాబట్టి వారంలో వాళ్లిద్దరూ మేలుకుని ఒకచోట ఉండేది ఒక్క ఆదివారం ఉదయమే.

ఆ ఉదయాన్ని విలువిద్య పాలు చేసింది ఆమే. ఒకనాడు రొట్టె కొనడానికి వచ్చిన డాక్టరమ్మ, గాజుతలుపు అవతల ఆమె పిండి మర్దించడం చూసి, "ఆ వీపును వృథా చేయకమ్మా" అని మైదానానికి పిలిచారు. తొలి నెలలోనే ఆమె బాణాలు అలమరలో రొట్టెలు సర్దినట్టు పక్కపక్కన కూర్చోవడం మొదలుపెట్టాయి. భార్య వెంట ఉండాలని అతనూ చేరాడు. సభ్యులు కానివాళ్లకు గేటు లోపలికి ప్రవేశం లేదు మరి.

అయితే అసలు సుఖం బాణాలు వేయడంలో లేదు. వేసిన బాణాలు ఏరి తెచ్చుకోవడానికి అందరూ లక్ష్యాల దాకా నడుస్తారే, ఆ నడకలో ఉంది. పోనూ రానూ గడ్డిలో పక్కపక్కన నడుస్తూ వాళ్లు వారం రోజుల కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆమె పొయ్యి సంగతులు, అతను ఎముకల సంగతులు, ఇద్దరూ కలిసి గొళ్లెం సంగతులు. కొన్ని కాపురాలు పట్టెమంచాల మీద సాగుతాయి, కొన్ని వరండాల్లో సాగుతాయి. వాళ్లది గీతకూ లక్ష్యానికీ మధ్యనున్న తడిగడ్డిలో సాగేది. ఇప్పుడు సభ్యత్వం పోతే అదీ పోతుంది.

అందుకని అతను ఆ సోమవారమే, ఆస్పత్రిలో రెండు గదుల అవతలనున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఎవరిదో నోట్లో చేతులు పెట్టి ఉన్నారు.

"డాక్టరుగారూ, నా లోపం ఎక్కడుందండీ?"

"మీ బొటనవేలిలో. ఒక్క నిమిషం, నోరు మూయకండి. మీరు కాదు, ఈయన." ఆమె పని ఆపకుండానే చెప్పారు. "మీరు బాణం వేయడం లేదు ఊపిరిబాబుగారూ. ఫొటో తీస్తున్నారు. గురి కుదిరీ కుదరగానే వేలు టక్కున మీట నొక్కుతుంది. నొక్కగానే భుజం ఎగురుతుంది, బాణం నా గొడుగు వెతుక్కుంటూ వస్తుంది."

ఆ మాట నిజమే. వాళ్లు వాడేవి కొసల్లో చిన్న చక్రాలున్న విళ్లు. నారిని వేళ్లతో పట్టుకోరు. పిడికిట్లో ఇమిడే ఇనుప కొక్కెంతో తగిలించి దవడ దాకా లాగుతారు. ఊపిరిబాబు కొక్కేనికి బొటనవేలి కింద ఒక మీట ఉంది, నొక్కితే నారి వదిలిపోతుంది. ఇరవై ఏళ్లుగా మీటలు నొక్కి పొట్టపోసుకున్న వేలి ముందు మరో మీట పెట్టడమంటే పిల్లి ముందు పాలగిన్నె పెట్టి కాపలా కాయమన్నట్టే.

డాక్టరమ్మ సొరుగులోంచి, పళ్లు పీకే పట్టకార్ల నడుమనుంచి, ఒక కొక్కెం తీసి ఇచ్చారు. దానికి మీట లేదు.

"ఇది ఎక్కడ నొక్కాలండీ?"

"నొక్కకూడదు. నారి దవడ దాకా వచ్చాక, వీపు మీది రెక్క ఎముకలు రెండింటినీ ఒకదాని దగ్గరికి ఒకటి తెస్తూ పోవాలి. వీపు బిగిసేకొద్దీ చెయ్యి వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది, దాంతోపాటు కొక్కెమూ తిరుగుతుంది. తిరిగీ తిరిగీ తనంతట తనే నారిని వదిలేస్తుంది. ఎప్పుడు వదులుతుందో మీకు తెలియకూడదు."

"మరి ఎవరికి తెలియాలి?"

"ఎవరికీ."

"ఎవరికీ తెలియకుండా బాణం వెళితే ప్రమాదం కదండీ?"

"మీకు తెలిసి వెళ్లినవాటిని చూశాం కదా." ఆమె పట్టకారు బిగించారు. "పన్ను కూడా ఇంతే. చేత్తో గుంజితే విరుగుతుంది. వీపుతో, మెల్లగా, ఆపకుండా లాగాలి. ఊడే సంగతి పన్నుకే తెలియకూడదు."

"పేషెంటుకో?"

"పేషెంటుకు తెలుస్తుంది. అది వేరే విషయం."

కుర్చీలోని పేషెంటు ఆ విషయాన్ని అప్పుడే తెలుసుకున్నాడు.

ఇంట్లో అభ్యాసం చేయించే బాధ్యతను అత్తగారు స్వీకరించారు. ఎవరూ అప్పగించలేదు, ఆమె స్వీకరించారు. భార్యకు తల్లి అయిన ఆ పెద్దావిడ వాళ్లతోనే ఉంటూ, రోజూ పేపరులో గళ్లనుడికట్టు పూరిస్తూ, జవాబు తట్టనప్పుడల్లా లోకంలో దొరికిన తప్పును సవరిస్తూ కాలక్షేపం చేసేవారు. ఆ రోజుల్లో ఆమెకు దగ్గరగా దొరికిన తప్పు అల్లుడు.

"చొక్కా విప్పి అటు తిరుగు. రెక్కలు దగ్గరికి తే. ఇంకా. ఇంకా. అది భుజం, రెక్క కాదు! భుజాలెగరేస్తే బాణం వెళ్లదు, 'నాకేం తెలుసు' అన్నట్టుంటుంది."

"ఎముకలు ఇంతకన్నా దగ్గరికి రావు అత్తయ్యా. నేను ఫొటోల్లో చూస్తుంటాను."

"ఊళ్లోవాళ్లవి చూశావు. నీవి ఎప్పుడైనా చూసుకున్నావా?"

ఆమె గళ్లనుడికట్టు పెన్సిలు తీసి అతని రెక్కల నడుమ నిలువుగా ఆనించారు. అది జారకుండా బిగించి పట్టుకోవాలి. జారితే సాయంత్రం కాఫీ లేదు. మొదటి వారం అతనికి కాఫీ లేదు. రెండో వారం సగం కప్పు దక్కింది. మూడో వారానికి వీపు ఎంతగా మాట వినడం మొదలుపెట్టిందంటే, ఒక ఉదయం పెన్సిలు వీపులోనే మరిచి చొక్కా వేసుకుని ఆస్పత్రికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం గుమాస్తా వచ్చి, "పెన్సిలేమైనా ఉందా గురువుగారూ?" అని అడిగితే, లేదని చెప్పబోతూ భుజాలు వదులు చేశాడు. చొక్కా అడుగునుంచి పెన్సిలు టపీమని నేల మీద పడింది. గుమాస్తా దాన్ని తీసుకుని, థాంక్స్ చెప్పి, ఆనాటినుంచి అతనితో కాస్త దూరంగా నిలబడి మాట్లాడాడు.

మైదానంలో మాత్రం పని అంత తేలిక కాలేదు. మీట లేని కొక్కేనికి ఒక దుర్గుణం ఉంది. లాగేటప్పుడు చెయ్యి ముందుగానే తిరిగితే అది దారిలోనే వదిలేస్తుంది. మొదటి ఆదివారం అలాగే వదిలేసింది. పిడికిలి వచ్చి సొంత పెదవికి తగిలింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, నోరు తెరిపించి, పళ్లన్నీ ఒక్కొక్కటే కదిపి చూశారు.

"ఒక్కటీ ఊగడం లేదు. అదృష్టం."

"నాదా అండీ?"

"మీదే. నాకేం మిగిలింది?"

ఆ తరువాత ఆమె అతన్ని గడ్డిమోపుకు రెండడుగుల దూరంలో నిలబెట్టి, కళ్లు మూసుకుని వేయమన్నారు. అంత దగ్గరినుంచి గురి అక్కర్లేదు. వీపు ఒక్కటే పని చేయాలి. అతను లాగాడు, బిగించాడు, బిగించాడు. ఏమీ కాలేదు. కొక్కెం చెడిపోయిందేమో అని అనుమానం వచ్చింది. భార్యను అడుగుదామని అనుకుంటుండగా ఫట్ మన్నది.

"అమ్మో!" అని కేకపెట్టాడు.

కళ్లు తెరిచి చూస్తే బాణం గడ్డిమోపు నడుమన ఉంది. వరుసంతా ఒక్కసారిగా నవ్వింది. భార్య నవ్వు అన్నింటికన్నా చివర ఆగింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"అదీ బాణమంటే! ఉలిక్కిపడితేనే సరైన బాణం. ఉలిక్కిపడకపోయారో, మళ్లీ వేలితో దొంగపని చేసినట్టే."

ఆనాటినుంచి మైదానంలో అతని బాణాలను చెవితో లెక్కగట్టేవారు. "అమ్మో" వినిపిస్తే మంచిది. వినిపించకపోతే అందరూ తమ తమ స్కూటర్ల వైపు చూసుకునేవారు.

సంఘంలో వేటకు వెళ్లేవాళ్లు ముగ్గురు ఉండేవారు. అడవిలోనూ ఇదే తంతు అని వాళ్లు చెప్పేవారు. రోజంతా పొదలో దాక్కుని ఎదురుచూస్తారట. చివరికి పంది వచ్చి నిలబడగానే వేలు తొందరపడుతుందట. బాణం చెట్టులో దిగుతుంది, పంది కాసేపు చెట్టునూ కాసేపు వీళ్లనూ చూసి జాలిపడి వెళ్లిపోతుందట. కాగితం మీది గుండ్రటి గీతలు ఎవరినీ తిరిగి చూడవు, కాబట్టి వాటితో అభ్యాసం ఎంత చేసినా చాలదని వాళ్ల వాదం. ఆ వాదం నెగ్గి, మైదానం కొసన నిలువెత్తు స్పాంజి అడవిపంది ఒకటి వెలిసింది. దాని గాజుకళ్లు ఎటు నిలబడ్డా మనవైపే చూస్తాయి. దాన్ని అందరూ పెద్దాయన అనేవారు. కొత్తగా వచ్చినవాళ్లు నమస్కారం కూడా పెట్టేవారు. పరీక్ష బాణం పెద్దాయన మీదే వేయాలి.

ఇంతవరకు సంగతులు బాగానే నడిచాయి. చిక్కు వచ్చింది ఆస్పత్రిలో.

మార్చి నడిమిలో అత్తగారికి దగ్గు పట్టింది. ఛాతీకి ఎక్స్‌రే తీయమని డాక్టరు రాశారు. ఆమె చీర సర్దుకుని, పలక మీద గడ్డం ఆనించి, యుద్ధానికి నిలబడ్డట్టు నిలబడ్డారు. ఊపిరిబాబు సీసపు తెర వెనక్కి వెళ్లాడు.

"ఊపిరి పీల్చండి అత్తయ్యా. బిగబట్టండి."

ఆమె బిగబట్టారు. అతను మీట మీద బొటనవేలు ఆనించాడు. ఆనించి, అలవాటు కొద్దీ, రెక్క ఎముకలు దగ్గరికి తేవడం మొదలుపెట్టాడు. తెస్తూ, మీట తనంతట తనే పడి తనను ఎప్పుడు ఉలిక్కిపడేలా చేస్తుందా అని ప్రశాంతంగా ఎదురుచూశాడు. వీపు చక్కగా బిగిసింది. తృప్తిగా ఉంది. తెర అద్దంలోంచి చూస్తే అత్తగారి ముఖం ఎర్రబడింది. అతను ఇంకాస్త బిగించాడు. ముఖం వంకాయరంగుకు తిరిగింది. వేరే ఎవరైనా అయితే ఆపాటికి ఊపిరి వదిలేసేవారు. ఆమె పట్టుదల గల మనిషి; వదలమన్నదాకా వదిలే ప్రశ్నే లేదు. చివరికి కాళ్లు తేలిపోయి, ఆమె పలకను కౌగిలించుకుని, ఈల వేసినట్టు గాలి వదిలారు.

"ఏరా అబ్బీ! ఫొటో తీస్తున్నావా, ప్రాణం తీస్తున్నావా?"

ఆ సాయంత్రం గుమ్మంలో, కూతురు పనికి బయలుదేరుతుండగా, ఆమె ఫిర్యాదు దాఖలు చేశారు.

"నీ మొగుడు నన్ను చంపబోయాడే. కోపంగా కాదు. హాయిగా, చిరునవ్వు నవ్వుతూ!"

"చిరునవ్వు కాదత్తయ్యా, వీపు బిగిస్తే మొహం అలా అవుతుంది."

భార్య నవ్వలేదు. "ఇంకా ఎవరికైనా ఇలా చేశారా?"

అతను తల వంచుకున్నాడు. "పొద్దున్న పోస్టుమాను. నిన్న ఒక కానిస్టేబులు. సూపరింటెండెంటు పిలిచి అడిగాడు కూడా. ఉద్యోగమైనా సరిగా చేసుకోవాలి కదా. అందుకని విల్లు మానేద్దామనుకుంటున్నాను. పరీక్షకు వెళ్లను."

ఆమె బన్నులు తెచ్చే ఖాళీ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నది.

"మానేస్తే ఆదివారం నేనెవరితో నడవాలి?"

"కోశాధికారి ఉన్నాడుగా."

"ఆయన స్కూటరు సీటు గురించి తప్ప మాట్లాడడు." గొంతు కాస్త తగ్గింది. "వారమంతా నేను పిండితో మాట్లాడుతున్నానండీ. అది పొంగుతుంది గాని, ఊఁ కొట్టదు."

ఆమెకు బస్సు వేళయింది. అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. గళ్లనుడికట్టులో చివరి గడి దగ్గర ఆగినప్పుడు పెట్టే ముఖం పెట్టారు.

"నీకు ఎడమచేతికి బొటనవేలు లేదా అల్లుడూ?"

"ఉందత్తయ్యా."

"మరి దానికేం పని? జీతం అదీ తినడం లేదా? ఆస్పత్రి మీట దాంతో నొక్కు. కుడిదాన్ని ఆదివారానికి వదిలెయ్. ఇంత చిన్న సంగతికి ఉద్యోగాలు మానడాలు, విళ్లు మానడాలు!"

మరునాడే అతను తెర వెనక నిలబడే వైపు మార్చుకున్నాడు. ఎడమవేలు మొదట్లో తడబడినా, కొత్త కోడలిలా అణకువగా పని నేర్చుకున్నది. పోస్టుమాను మళ్లీ వచ్చి ఫొటో తీయించుకుని, క్షేమంగా బయటపడ్డాడు.

మార్చి ఆఖరి ఆదివారం వచ్చింది. ఎండ నిదానంగా కాస్తున్నది. కోశాధికారి స్కూటర్లన్నింటినీ పక్క వీధికి తోలించాడు. డాక్టరమ్మ చిల్లు మీద మందుపట్టీ అంటించిన గొడుగును గదిలో పెట్టి తాళం వేశారు. లోపలికి ప్రవేశం లేని అత్తగారు కంచె బయట, అందరికన్నా ప్రమాదకరమైన చోటు ఏరుకుని మరీ నిలబడ్డారు. పక్కకు జరగమంటే వినలేదు.

"నా పెన్సిలు మీద నాకు నమ్మకముంది. మీ పని మీరు చూసుకోండి!"

ఊపిరిబాబు గీత దగ్గరికి వచ్చాడు. భార్య అతనికి ఎడంగా, ఎప్పుడూ నిలుచునే చోటనే నిలుచున్నది. చెవి వెనక కాస్త పిండి అంటుకుని ఉంది. దాని సంగతి నడకలో చెప్పాలనుకున్నాడు. నడక అంటూ ఉంటే.

పెద్దాయన గాజుకళ్లతో చూస్తున్నాడు. బాబు విల్లెత్తి, నారి లాగి, దవడకు ఆనించాడు. మైదానమంతా నిశ్శబ్దమయింది. ఆ నిశ్శబ్దం అతనికి మరీ పరిచయమైనది. ఇరవై ఏళ్లుగా అందులోనే బతికాడు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఊపిరి పీల్చండి," అన్నాడు ఖంగున. "బిగబట్టండి."

వరుసంతా పీల్చి బిగబట్టింది. కావాలని కాదు, వాళ్లలో అతని తెర ముందు నిలబడనివాళ్లు లేరు. డాక్టరమ్మ బిగబట్టారు. కోశాధికారి బుగ్గలు పూరించి బిగబట్టాడు. కంచె అవతల అత్తగారు పంతంగా బిగబట్టారు.

మాట వినగానే కుడి బొటనవేలు ఎగిరి లేచి మీట కోసం తడిమింది. అక్కడ నున్నటి ఇనుము తప్ప ఏమీ లేదు. ఒకసారి తడిమి, రెండుసార్లు తడిమి, వేలు సిగ్గుపడి ముడుచుకున్నది. వీపు తన పని తాను మొదలుపెట్టింది. రెక్కలు దగ్గరయ్యాయి. కొక్కెం కదలలేదు. ఇంకా దగ్గరయ్యాయి. కొక్కెం కదలలేదు.

కంటికొసన కోశాధికారి ముఖం ఎర్రబడటం కనిపించింది. దూరంగా కంచె మీదుగా అత్తగారి ముఖానికి తాను ఎరిగిన వంకాయరంగు ఎక్కుతున్నది. ఆవిడ వదలదు, చెప్పేదాకా చచ్చినా వదలదు, అని అతనికి గుర్తుకు వచ్చింది. పెద్దాయన, కంచె, సభ్యత్వం, అన్నీ మనసులోంచి తుడిచిపెట్టుకు పోయాయి. ఇంతమందిని బిగబట్టించి వదలమని చెప్పకపోవడం ఘోరమనిపించింది. వీపు బిగువు సడలించకుండానే, చెబుదామని నోరు తెరిచాడు.

"వద..."

ఫట్!

"అమ్మో!"

ఎవరూ ఊపిరి వదల్లేదు. అతను చెప్పిన మాట సగంలోనే ఆగిపోయింది మరి. తేరుకుని, "వదలండి, వదలండి!" అన్నాడు. లారీ బ్రేకు వేసినట్టు మైదానమంతా ఒక్క నిట్టూర్పు లేచింది. కంచె అవతలనుంచి ఈల వినిపించింది. అప్పుడు చూశారు. పెద్దాయన డొక్కలో, ముందుకాలి వెనక, బాణం ఈకల దాకా దిగి ఉంది.

"కంచె లోపలే ఉంది," అన్నారు డాక్టరమ్మ, ఆయాసం ఆపుకుంటూ. "చాలు."

"ఐదో పక్కటెముకకూ ఆరోదానికీ నడుమ," అన్నాడు ఊపిరిబాబు.

"అది స్పాంజి, బాబూ."

"అయినా సరేనండీ."

బాణం తెచ్చుకోవడానికి అతను గడ్డిలోకి దిగాడు. భార్య అడగకుండానే పక్కకు వచ్చి నడక కలిపింది. సగం దూరం పోయినా అతను మాట్లాడలేదు. కనుగుడ్లు ముందుకు వచ్చి, ముఖం జేవురించి ఉంది. ఆమె ఒక్క క్షణం పరికించి చూసింది.

"ఏమండీ," అన్నది. "మీరూ వదలండి."

ఊళ్లోవాళ్లందరికీ చెప్పి, తనకు తాను చెప్పుకోవడం మరిచిపోయాడు; మాటలైతే ఆడాడు గాని, బిగబట్టిన ఊపిరి పూర్తిగా వదల్లేదు. వదిలాడు. తరువాత చాలాసేపు ఇద్దరూ నవ్వుతూ పెద్దాయన దగ్గరే నిలబడ్డారు. బాణం పీకడానికి అంతసేపు పడుతుందా అని గీత దగ్గరినుంచి ఎవరో కేకేశారు. చెవి వెనక పిండి సంగతి అతను అప్పుడు చెప్పాడు.

చాలా ఏళ్ల తరువాత డాక్టరమ్మ పళ్లు పీకడం చాలించి, వేరే ఊళ్లో చెల్లెలి ఇంటికి చేరారు. అక్కడికి ఒక ఉత్తరం వచ్చింది.

"గౌరవనీయులైన డాక్టరుగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరంతోపాటు విడిగా ఒక పొడుగాటి పార్సెలు వస్తుంది. భయపడకండి, అది గొడుగు. పట్టీ వేసినదాన్నే మీరు ఇప్పటికీ వాడుతున్నారని మీ చెల్లెలుగారు మా ఆవిడతో ఫోనులో అన్నారట. విని సిగ్గుపడ్డాను. పాతదాన్ని పారేయకండి. అంత దూరంనుంచి అంత నడిమధ్యన నేను మళ్లీ ఎన్నడూ కొట్టలేదు.

నేను రిటైరయ్యాను. మొన్న నాకే ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు యంత్రమే మాట్లాడుతుంది. ఎవరో ఆడపిల్ల గొంతు, ఉచ్చారణ స్పష్టంగానే ఉంది. బిగబట్టమన్నది, బిగబట్టాను. వదలమనడం నాకు వినిపించలేదు. చివరికి టెక్నీషియను అమ్మాయి తొంగిచూసి, 'ఎప్పుడో అయిపోయింది సార్, చొక్కా వేసుకోండి' అన్నది. మా అత్తగారు పడ్డ కష్టం అప్పుడు తెలిసివచ్చింది.

ఆవిడ కిందటేడు పోయారు. చివరి ఫొటో నేనే తీశాను, సెలవులో ఉండి కూడా. ఎడమవేలితోనే. వదలమనగానే వదిలి, 'ఈసారి తొందరగానే నొక్కావే' అన్నారు, కాస్త నిరాశగా. ఆమె పెన్సిలు నా దగ్గరే ఉంది. ఆదివారాల్లో వీపున పెట్టుకుంటాను. ఇప్పుడు జారినా కాఫీ దొరుకుతుంది, కాని రుచి తగ్గింది.

కార్ఖానాలో పిండి కలిపే యంత్రం పెట్టారు. మా ఆవిడ పగటి పనికి మారింది, సాయంత్రాలన్నీ ఇంట్లోనే ఉంటుంది. ఇన్నేళ్లూ కోరుకున్నది ఇదే కదా. తీరా వారమంతా ఎదురెదురుగా కూర్చునేసరికి ఇద్దరికీ మాటలు తడబడ్డాయి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గొళ్లెం సంగతి తప్ప, ముఖ్యమైనదేదైనా సరే, ఆదివారం దాకా దాచుకుని గడ్డిలోనే చెప్పుకోవాలి. పెద్దాయనకు పాత డొక్క తీసేసి కొత్త స్పాంజి వేశారు. చూపు మాత్రం పాతదే.

మా ఆవిడ బాణాలు ఇప్పటికీ ఒకేచోట పడతాయి. ఏరడానికి ఒక్క నిమిషం చాలు. నావి అటొకటి ఇటొకటి పడతాయి కాబట్టి, వెతుక్కుంటూ చాలాసేపు తిరగాల్సి వస్తుంది. కావాలని వేస్తున్నానని ఆమెకు అనుమానం. మీరు నేర్పిన ప్రకారం, బాణం ఎప్పుడు వెళుతుందో ఎటు వెళుతుందో నాకే తెలియదని చెబుతున్నాను. ఆమె నమ్మడం లేదు, కాని పక్కన నడుస్తున్నది. అన్నీ కంచె లోపలే.

ఇట్లు,
ఊపిరిబాబు"